రోడ్లూ మంచూ శాఖ

జూన్ 9, ఆదివారం

నాకు ఇష్టమేనని అమ్మ ఫోనులో అందరికీ చెబుతోంది. "సలోమె ఏమీ అనలేదు, అంటే ఇష్టమేగా" అంటోంది. నా మౌనానికి అర్థం చెప్పే హక్కు ఈ ఇంట్లో ఎప్పుడూ వేరేవాళ్లదే. చిన్నప్పుడు జ్వరంతో నోరు మెదపకపోతే అలిగానన్నారు. భూగోళం చదవడానికి బెర్న్ వెళ్లి ఉత్తరాలు రాయకపోతే ఎవణ్ణో ప్రేమించానన్నారు. ఫిబ్రవరి నుంచి మాట్లాడకపోతే గుండె నిబ్బరం గల పిల్ల అంటున్నారు.

ఇవాళ పూజ అయ్యాక చర్చి ముందు ప్రెసిడెంటు తెయొడూల్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఖాళీగా ఉన్న పంచాయతీ సభ్యత్వానికి ఊరు నన్ను ఎన్నుకుందట. నేను నిలబడలేదు. మా హోఫ్లూలో ఎవరూ నిలబడరు. తెల్ల చీటీ మీద ఎవరికి తోచిన పేరు వాళ్లు రాసి పెట్టెలో వేస్తారు. ఎక్కువ చీటీల్లో ఎవరి పేరుంటే పదవి వాళ్ల మెడకు పడుతుంది.

"నేను వద్దంటే?" అన్నాను.

"వద్దనడానికి చట్టంలో చోటు లేదమ్మాయ్. అరవై దాటాయా నీకు? మంచాన పడ్డావా? లేదుగా. ఇంక ఒకటే దారి. నీ కాగితాలు తీసుకుని వేరే పంచాయతీకి కాపురం మార్చెయ్" అని నవ్వాడు. "నన్నూ ఇలాగే పట్టేశారు కుర్రవయసులో. ఇదిగో, ఇప్పటికీ వదల్లేదు."

"మన ఊళ్లో పెళ్లికైనా 'నీకు సమ్మతమేనా' అని అడుగుతారు. పదవికి అదీ లేదు" అంది ఫిలొమీనా అత్త. నాన్నకు అక్క. ఆవిడ ఏమన్నా జనం నవ్వుతారు. నేనూ నవ్వాననుకుంటా.

ఆ ఖాళీ మా అన్నయ్య క్లెమెన్స్‌ది.

జూన్ 10

కోపంగా లేదు. ఏమీ లేదు. రాసి చూసుకున్నా అంతే.

జూన్ 17

మొదటి సమావేశం. బడి మూతపడ్డాక ఆ గదినే పంచాయతీ ఆఫీసు చేశారు. ఐదుగురం. గోడ మీద ఇంకా ఎక్కాలు ఉన్నాయి.

ఎవరి శాఖలు వాళ్లకున్నాయి. నాకు క్లెమెన్స్‌దే ఇచ్చారు, రోడ్లూ మంచూ. ఉత్తరాలనూ జనాన్నీ మోసే పోస్టు బస్సు నడిపే వెరేనా కూడా సభ్యురాలే. ఆవిడ మాత్రం అడ్డుపడింది. "శాఖలు మార్చుకోవచ్చు కదా. పిల్లకి నీళ్ల శాఖ ఇద్దాం, రోడ్లు నేను చూస్తాను."

"రోడ్డు వాల్పెన్‌లకే తెలుసు" అన్నాడు తెయొడూల్. వాల్పెన్ మా ఇంటిపేరు. అంతటితో అయిపోయింది.

నాకు నారింజరంగు కోటొకటి ఇచ్చారు. కొత్తది.

రాత్రి భోజనం దగ్గర నాన్న రై రొట్టె కోసి, మందం ముక్క నా పళ్లెంలో పెట్టారు. "పై మలుపు దగ్గర మోరీ చూడు. వానలొస్తే రాళ్లు దిగుతాయి" అన్నారు. చలికాలం తరవాత ఆయన ఒకేసారి అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆయన కొట్టంలోకి వెళ్లాక, "చూశావా, నీ వల్లే. దేవుడు నీ చేత మంచి పని చేయించాడు" అంది.

నా చేత ఎవరూ ఏమీ చేయించలేదు. చీటీలు వేశారు.

జూన్ 18

మోరీ చూశాను. రాళ్లున్నాయి. తీశాను.

జూన్ 30

బెర్న్ నుంచి, నేను పనిచేసే మ్యాపుల ఆఫీసు మేనేజరు ఫోన్ చేశాడు. సెప్టెంబర్ ఆఖరుకు వస్తావా, వేరేవాళ్లను చూసుకోమంటావా అని అడిగాడు. వస్తానన్నాను.

మా జిల్లాను కళ్లు మూసుకుని గీయగలను. అడుగున నది. దానికి రెండు పక్కలా పంచాయతీలు, రొట్టెను నిలువునా కోసినట్టు, నది ఒడ్డు నుంచి మంచు శిఖరం దాకా. ప్రతి ముక్కలోనూ కాస్త పొలం, కాస్త అడవి, పైన పశువులకు గడ్డి. పక్కవాడిని చెయ్యి చాపి అడగక్కర్లేకుండా పూర్వులు అలా కోశారు. మాది మాత్రం పైకి చేరలేదు. మాకు ఎండ తగిలే మళ్లూ రోడ్డూ వచ్చాయి. వాగు అవతలి సాండ్‌బాఖ్ వాళ్లకు మా నెత్తిమీద ఉన్న గడ్డిబీళ్లు వచ్చాయి. అప్పట్లో మావాళ్లు దాన్ని లాభమనుకున్నారు.

అందుకని మంచు జారే వాలు సాండ్‌బాఖ్‌ది. అది వచ్చి పడే రోడ్డు హోఫ్లూది. మంచు జారకుండా ఇనప కంచెలు పైన వెయ్యాలి. మా మీద పడనిదానికి మేమెందుకు పెట్టుబడి పెట్టాలంటారు వాళ్లు. పరాయి నేలలో మేమెలా గుంజలు పాతాలంటారు మావాళ్లు. నేను పుట్టినప్పటి నుంచి ఇదే మాట. కంచెలు లేవు కాబట్టి, మంచు ఎక్కువ పడ్డ రోజు ఒక మనిషి వెళ్లి వాలు చూసి, రోడ్డు గేటు వెయ్యాలా వద్దా తేల్చాలి. దానికి జీతమిచ్చి మనిషిని పెట్టే స్తోమత మా పంచాయతీకి లేదు. కాబట్టి రోడ్ల సభ్యుడే వెళతాడు. తెల్లవారుజామున, పోస్టు బస్సు రాకముందు.

ఫిబ్రవరిలో క్లెమెన్స్ కూడా వెళ్లాడు. గేటు వేశాడు. మంచు జారినప్పుడు గేటుకి పైవైపు ఉన్నాడు.

జూలై 14

కలిసిపోదామని ప్రతిపాదన వచ్చింది. హోఫ్లూ, సాండ్‌బాఖ్, రీడ్, మూడూ కలిపి ఒకే పంచాయతీ. ఊరి సభకు ఏమని సలహా ఇవ్వాలో మేము ఐదుగురం సెప్టెంబర్ పన్నెండున చేతులెత్తి తేల్చాలి. ఊరు ఇంతకు ముందెప్పుడూ పంచాయతీ సలహాను కాదనలేదు. వెరేనా, ఇంకొకరు కలవాలంటారు. తెయొడూల్, ఇంకొకరు వద్దంటారు. నన్నెవరూ అడగలేదు. అడగక్కర్లేదు. క్లెమెన్స్ వద్దనేవాడు.

నిజమే, వద్దనేవాడు. పేకాట బల్ల దగ్గర ముక్కలు పంచుతూ, "కలిస్తే మనం సాండ్‌బాఖ్‌కి అటక అవుతాం. పాత సామాన్లు పడేసుకుంటారు" అనేవాడు. బాగా మాట్లాడేవాడు.

నాన్న బాధ వేరు. మా పాసుపోర్టుల్లో పుట్టిన ఊరు రాయరు, వంశం ఏ పంచాయతీదో అది రాస్తారు. "నేను ఆసుపత్రిలో పుట్టాను, ఎక్కడో. అయినా హోఫ్లూ వాణ్ణే. రేపు ఆ మాట తీసేసి ఏదో కొత్త పేరు అచ్చేస్తారు. మా తాతకి అర్థం కాని పేరు" అన్నారు.

"తాతకి పాసుపోర్టే లేదురా. నది దాటితే సంతకే దాటాడు" అంది ఫిలొమీనా అత్త.

"అది కాదక్కా."

"నాకు తెలుసులే అది కాదని."

ఆగస్టు 1

దేశం పుట్టినరోజు మంట వేశారు. తెయొడూల్ ప్రసంగం చేసి చివర్లో, "మన క్లెమెన్స్ గొంతు పంచాయతీలో ఇంకా వినబడుతూనే ఉంది" అని నా వైపు చెయ్యి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా నోటినిండా సాసేజి ఉంది. ఊరికే తల ఊపాను. దానికీ చప్పట్లు కొట్టారు.

ఆగస్టు 5

రొట్టె కోసం సాండ్‌బాఖ్ వెళ్లాను.

ఆగస్టు 8

సాండ్‌బాఖ్. రొట్టె.

ఆగస్టు 12

"రొట్టె కోసం ఇంత దూరమా?" అంది వెరేనా, బస్సు అద్దంలోంచి చూస్తూ. "బేకరీ కుర్రాడికి పెళ్లయిపోయింది, తెలుసా?"

"రొట్టె కోసమే."

"ఊఁ. మీ అమ్మ నిన్న మన దుకాణంలో రెండు రొట్టెలు కొంది. మీ ఇంట్లో ఏనుగుని పెంచుతున్నారేమో."

బేకరీ పైన అద్దెకు గది ఉంది. బోర్డు పెట్టారు. నేను పరీక్షగా చూడలేదు. రెండు కిటికీలు, ఆకుపచ్చ తలుపులు, నది వైపు తెరుచుకుంటాయి. మెట్లు వెనక నుంచి. కొండ వైపు గోడే.

ఆగస్టు 15

మేరీ మాత పండుగ. ఫిలొమీనా అత్త వచ్చింది. జున్ను కరిగించి, ఉడికిన బంగాళాదుంపల మీద గీకి వడ్డిస్తోంది అమ్మ. క్లెమెన్స్ కూర్చునే చోట నన్ను కూర్చోబెట్టారు, మంట దగ్గరవుతుందని. అత్త అడిగింది, పన్నెండో తారీకు వద్దనడానికి లేచి ఏమైనా మాట్లాడతావా, ఊరికే చెయ్యెత్తుతావా అని.

"నేనింకా తేల్చుకోలేదు" అన్నాను.

అమ్మ చేతిలో కత్తి ఆగింది. జున్ను బల్ల మీద కారింది.

"తేల్చుకోవడానికేముంది?" అన్నారు నాన్న.

"కలిస్తే పైవాలు కూడా మనదే అవుతుంది. కంచెలు వేయొచ్చు. వాలు చూడ్డానికి జీతం మనిషిని పెట్టొచ్చు."

"అది మ్యాపుల్లో."

"రోడ్డు ఉన్నది మ్యాపుల్లో కాదు నాన్నా. గేటూ మ్యాపుల్లో కాదు."

"తిండి దగ్గర ఆ మాటలెందుకే" అంది అమ్మ.

నాన్న ఫోర్కు కింద పెట్టారు. మెల్లగా, నాకు అర్థం కాదేమోనన్నట్టు చెప్పారు. "వాళ్లు చీటీ మీద నీ పేరు రాసింది నీకోసం కాదు."

"తెలుసు."

"తెలిస్తే మరి?"

అత్త నా పళ్లెంలో ఊరగాయ దోసకాయ వేసింది. "తినవే. ఖాళీ కడుపుతో మొండికేస్తే నిలబడదు."

ఆగస్టు 16

నాన్న మాట్లాడడం మానేశారు. మళ్లీ ఫిబ్రవరిలాగే.

ఆగస్టు 27

పైవాలు మీదికెక్కాను. పంచాయతీ పని మీదే. సరిహద్దు రాయి నడుము దాకా గడ్డిలో ఉంది. పైన వాళ్ల ఆవులు, కింద మా మేకలు. రాయికి అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడ్డాను. అక్కడి నుంచి రోడ్డు దారప్పోగులా కనబడుతుంది. గేటు దాటాక ఎడమచేతి వైపు మలుపు. అక్కడే.

ఏడుపొస్తుందేమోనని చూశాను. రాలేదు. ఒక మేక వచ్చి నా సంచి పట్టీ నమలసాగింది. నమలనిచ్చాను.

సెప్టెంబర్ 3

సాయంత్రం తెయొడూల్ వచ్చాడు. తెల్ల వైన్ సీసా తెచ్చాడు, వాళ్ల తోటదే. నాన్న కొట్టంలోంచి రాలేదు. అమ్మ గ్లాసులు పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లి, చప్పుడు చెయ్యకుండా నిలబడింది.

"బేకరీ పైన గది మా వదినదే" అన్నాడు. "నువ్వు అటు తెగ తిరుగుతున్నావని చెప్పింది."

"రొట్టె కోసం."

"రొట్టె బాగుంటుందిలే వాళ్లది." గ్లాసులో వైన్ చూసుకున్నాడు. "అమ్మాయ్, నేను చిన్న మనసు మనిషిని కాదు. చదువుకున్న పిల్లవి. నీ ఉద్యోగం నీకుంది. చలికాలం ముందు నిన్ను ఈ కుర్చీలో కూలేశామే అని నాకు నిద్ర పట్టడం లేదు. నీ కాగితాలు ఈ వారంలో సాండ్‌బాఖ్‌కి మార్చుకో. వాగు దాటితే చాలు, చట్టం నిన్నేమీ అనదు. తరవాత బెర్న్ వెళతావో, ఎటు వెళతావో నీ ఇష్టం. మా వదిన మొదటి నెల అద్దె తీసుకోదు."

"ఈ వారంలోనేనా?"

"పన్నెండో తారీకు లోపల అయితే... అన్నిటికీ సుఖం."

అప్పుడు అర్థమైంది. నేను లేకపోతే నలుగురు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. సరిసమానమైతే ప్రెసిడెంటు మాటే చెల్లుతుంది.

"మీరే కదా పట్టుకున్నారు నన్ను?"

"పట్టుకున్నవాళ్లం వదలొచ్చు కూడా."

ఆయన చెడ్డవాడు కాదు. ఫిబ్రవరిలో పారలు పట్టుకుని వెళ్లిన వాళ్లలో ముందున్నది ఆయనే. క్లెమెన్స్‌ను కిందికి మోసినప్పుడు తల వైపు పట్టుకున్నాడు. ఆ తరవాత మా ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలోనే కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడ్చాడు, నేను కాఫీ పెట్టాను.

ఆయన వెళ్లాక అమ్మ వచ్చి నా జుట్టు సవరించింది. "వెళ్లమ్మా. నీకు ఆ గది కావాలని నాకు తెలుసు. రొట్టెలు నేను లెక్క పెట్టలేదనుకున్నావా?"

ఈ ఒక్కసారికీ నన్ను సరిగ్గానే అర్థం చేసుకున్నారు. నాకు ఆ గది కావాలి.

సెప్టెంబర్ 4

గది చూశాను. మంచం, బల్ల, చేతులు కడుక్కునే తొట్టి. కింద నుంచి రొట్టె కాలే వాసన. కిటికీలోంచి నది, అవతలి గట్టున రైలు. కొండ కనబడదు. మంచం మీద కూర్చున్నాను. చాలా బాగుంది. ఎంతసేపైనా అలా కూర్చోగలను. ఇంటావిడ తొందరేం లేదంది. ఆదివారం చెబుతానన్నాను.

తిరుగు బస్సులో నేనొక్కదాన్నే. గేటు దగ్గరకొచ్చాక వెరేనా బస్సు ఆపింది. వేసవి, గేటు ఎత్తే ఉంది. ఊరికే ఆపింది.

"ఆ రోజు ఇక్కడే ఆగాను. గేటు వేసి ఉంది కాబట్టి. వెనక పిల్లలు పాట పాడుతున్నారు, కింద బడికి తీసుకెళ్లడానికి రీడ్ నుంచి ఎక్కించుకుని, మన ఊరి ఇద్దరి కోసం పైకి వస్తున్నా. గేటు తియ్యడేమని హారన్ కొట్టాను. ఆపకుండా కొట్టాను. తిట్టాను కూడా. నిద్రపోయావురా వాల్పెన్ అన్నాను."

"మీకు తెలియదు కదా" అన్నాను.

"నాకు ఓదార్పు కోసం చెప్పలేదు." గేరు వేసింది, బస్సు కదలలేదు. "గది తీసుకుంటున్నావట. తీసుకో. నేనైనా తీసుకుంటాను. కానీ ఒకటి విను. నువ్వు దిగితే మళ్లీ చీటీలు వేస్తారు. ఎవరి పేరు రాస్తారనుకుంటున్నావు?"

"ఎవరిది?"

"మీ నాన్నది. అరవై దాటాయి, చట్టం వదిలేస్తుంది. ఆయన వదలడు."

బస్సును ఊళ్లోకి పోనిచ్చింది. దిగుతుంటే, "రొట్టె మర్చిపోయావు ఇవాళ" అంది.

సెప్టెంబర్ 5

నాన్న కొట్టం దగ్గర నడవడం చూశాను. మోకాలు పట్టేస్తోంది. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. ఎప్పటి నుంచో తెలియదు.

సెప్టెంబర్ 8, ఆదివారం

ఫోన్ చేసి గది వద్దని చెప్పాను. "మరి మా మరిది మీరు తప్పకుండా వస్తారన్నాడే" అంది ఇంటావిడ. ఆయన పొరబడ్డాడన్నాను.

గది ఇంకా కావాలి. అది మారలేదు.

సెప్టెంబర్ 9

బెర్న్‌కి ఫోన్ చేసి రానని చెప్పాను. మేనేజరు కారణం అడిగాడు. పంచాయతీ సభ్యురాలినన్నాను. "అయ్యో, ఎన్నిక గెలిచావా, అభినందనలు" అన్నాడు.

సెప్టెంబర్ 11

ఇంట్లో చెప్పాను. రేపు వాళ్లకు బయట తెలియడం నాకిష్టం లేదు. పాలు పితకడం అయ్యాక, నాన్న చేతులు కడుక్కుంటుంటే చెప్పాను.

"రేపు కలవాలనే చెయ్యెత్తుతాను."

కుళాయి కట్టలేదాయన. "క్లెమెన్స్ ఉంటే వద్దనేవాడు."

"వద్దనేవాడు."

"ఆ కుర్చీలో కూర్చుని ఆ మాట ఎలా అంటావు?"

"కుర్చీలో ఉన్నది నేను నాన్నా."

అమ్మ గుమ్మంలోకొచ్చింది. "దానికి మనసు బాగాలేదండీ, దుఃఖంలో ఏదో అంటోంది" అంది.

"బాగానే ఉంది. దుఃఖంలో అనడం లేదు."

నాన్న చేతులు తుడుచుకుని, తువ్వాలు మేకుకు తగిలించి, వెనుదిరిగి కొట్టంలోకే వెళ్లిపోయారు. అమ్మ నా వంక చూసింది. ఈసారి ఏ అర్థమూ చెప్పలేదు. భోజనానికి ముగ్గురం కూర్చున్నాం, ఎవరి రొట్టె వాళ్లు కోసుకున్నాం.

కలిసినా కంచెలు ఈ చలికాలానికి రావు. వచ్చేదానికీ రాకపోవచ్చు. ఈ ఏడు వాలు చూడ్డానికి నేను వెళతాను. ఒక్కదాన్ని వెళ్లను, రెండో మనిషి రాకపోతే గేటు వేసేసి ఇంటికొచ్చేస్తాను, బస్సు ఆగిపోతే ఆగిపోతుంది. రేపు కలవాలని చెయ్యెత్తుతాను. నాన్నను ఆ రోడ్డు మీదికి వెళ్లనివ్వను.